మైనస్ ఎనభై దగ్గర

"ఆట జర్కులు కొడుతోంది బాబూ, వేగం పెంచమంటే కరెంటు తగ్గిస్తానంటారేంటి? ఆకలేస్తోందంటే కంచం లాక్కున్నట్టుంది!"

కంప్యూటర్లు బాగుచేసే ఆ చిన్న షాపులో ల్యాప్‌టాప్‌ను కౌంటరు మీద పెట్టి ఆ అమ్మాయి నిలదీసింది. తడిసిన జడ చివర నుంచి వాన నీళ్లు బొట్లు బొట్లుగా కౌంటరు మీద పడుతున్నాయి. మెకానిక్ ల్యాప్‌టాప్ వంక చూడాలో, ఆ బొట్ల వంక చూడాలో తేల్చుకోలేకపోయాడు.

"కరెంటు కాదండీ, ప్రాసెసర్‌కి వెళ్లే వోల్టేజీ. ఎందుకైనా మంచిదని తయారుచేసేవాళ్లు కాస్త ఎక్కువే పెడతారు. దాంతో అది వేడెక్కి, తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. మీ జర్కులు అవే. కొంచెం దించితే చల్లగా ఉంటుంది, ఆట సాఫీగా సాగుతుంది."

"మరీ దించేస్తే?"

"హ్యాంగవుతుంది. అందుకే రోజుకి పది మిల్లీవోల్టులే దించుతా. మీరు ఆడి చూసి మర్నాడు తీసుకురండి, మళ్లీ పది దించుతా."

"అంటే రోజూ రావాలా? ఆదివారం కాక పై ఆదివారం మా టీమ్‌కి ఫైనల్ ఉంది!"

"ఆలోపు అయిపోతుందండీ" అన్నాడు, ఏమీ ఎరగనట్టు.

వెనక స్క్రూలు ఏరుతున్న అతని అక్క చిన్నగా దగ్గింది. షాపు ఆవిడదే. మిగతా అందరికీ తమ్ముడు ఈ పని ఒక్క పూటలో ముగించి పంపేస్తాడని ఆవిడకి బాగా తెలుసు.

ఆ అమ్మాయి రోజూ ఆఫీసు కాగానే వచ్చేది. "డాక్టరుగారూ, పేషంటుకి ఇవాళ ఎంత తగ్గిస్తారు?" అని ఆటపట్టించేది. అతను నోటుబుక్కులో ఆ రోజు అంకె, వేడి, ఆట ఎలా సాగిందీ రాసుకునేవాడు. ఆమె నవ్విన రోజున ఆ పేజీలో రాత వంకరపోయేది.

మొత్తం ఎనభై మిల్లీవోల్టులు దించేసరికి, అంటే మైనస్ ఎనభై దగ్గర, ఆట వెన్నలా సాగింది. ఇంకో పది దించి తొంభై చేయగానే తెర బిగుసుకుపోయింది. అతను మళ్లీ ఎనభైకి తెచ్చి, నోటుబుక్కులో కింద గీత గీశాడు. గీయడానికి మనసు మాత్రం ఒప్పలేదు.

"ఇక రానక్కర్లేదన్నమాట" అంది ఆమె.

"అక్కర్లేదండీ" అనేశాడు. వెనక అక్క నెత్తి కొట్టుకుంది.

ఆదివారం మెసేజ్ వచ్చింది. 'గెలిచాం. థాంక్స్.' ఆ రెండు మాటలే అతను నలభైసార్లు చదువుకున్నాడు. ఇంకే వంకతో వస్తుంది ఆమె? ఏదీ తోచక దిగులేసింది.

సోమవారం సాయంత్రం వానలో తడుస్తూ ఆమే వచ్చింది. "మీ వైద్యం వికటించింది. ఆట తెరవగానే హ్యాంగ్!"

అతను గబగబా సెట్టింగు తెరిచాడు. మైనస్ నూట యాభై. నోటుబుక్కు తిరగేశాడు. మైనస్ ఎనభై.

"ఇది నేను పెట్టింది కాదండీ! ఎవరో మార్చారు."

"ఎవరో ఎందుకు, నేనే."

"హ్యాంగవుతుందని చెప్పాను కదండీ!"

"చెప్పారు, అందుకే పెట్టా. మళ్లీ ఎనభైకి రావాలంటే రోజుకి పది చొప్పున ఏడు రోజులు. లెక్క సరిపోయిందా?"

అతను నోటుబుక్కు మూసేశాడు. "మీకో అబద్ధం చెప్పానండీ. ఇదసలు ఒక్క పూట పని."

"తెలుసు. మూడో రోజే మీ అక్క చెప్పారు."

అతను గిర్రున వెనక్కి తిరిగాడు. అక్క తల వంచుకుని, లేని స్క్రూ కోసం తెగ వెతుకుతోంది.

"తెలిసీ రోజూ ఎందుకొచ్చారు?"

"అది కూడా నేనే చెప్పాలా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. అయినా ఈసారి నోరు వెనకాడలేదు. "మీరంటే నాకు చాలా ఇష్టమండీ."

"నాకూ ఇష్టమే. కానీ ఆ 'అండీ' మానెయ్. కొంచెం కొంచెంగా కాదు, ఇవాళే."

"నువ్వంటే ఇష్టం" అన్నాడు. ఆమె నవ్వుతూ తల దించుకుంది.

అక్క వచ్చి ల్యాప్‌టాప్‌ను తన వైపు లాక్కుని, నిమిషంలో అంకెను ఎనభైకి మార్చేసింది.

"రేపట్నుంచి ఈ బరువు మోసుకురాకమ్మా" అంది. "ఊరికే వచ్చెయ్."