ఎడమ స్పీకర్లో చిగుసా

నెరిమాలో స్నానశాల వెనక సందుంది చూశారూ, చీకటి పడ్డాక ఆ చివరి ఇంటి ముందు నుంచి ఎవరూ నడవరు. నూడుల్స్ తెచ్చేవాడు కూడా మలుపులోనే గిన్నె పెట్టేసి పరుగు లంకించుకుంటాడు. మూసిన కిటికీ వెనక ఎవరో ఆడమనిషి పాడుతుంది... పాట అడుగున ఇంకేదో గొణుగుతుంది... గుయ్య్య్...

ఆ ఇల్లు కుమగైది. అకిహబారాలో నా రేడియో వాల్వుల కొట్టుకి పాత బేరం. భార్య చిగుసా పోయాక, దిగులు మరిచిపోదామని ఇంట్లోనే వాల్వు యాంప్లిఫయర్ కట్టుకున్నాడు. ఆవిడ పాడిన టేపే మొదట వేశాడు. అంతే — మధ్యలో వినబడాల్సిన గొంతు కుడిపక్కకి జరిగిపోయింది. ఎడమ స్పీకర్లో ఆ గుయ్ మొదలైంది.

ఎడమవైపే ఆవిడ రోజూ కూర్చునేది.

పోనీ నోరు మూసుకుని ఊరుకున్నాడా? ఈ వెర్రిబాగులాయన వెళ్లి హిసానోకి చెప్పాడు. హిసానో అంటే వచ్చే నెల ఇతన్ని పెళ్లి చేసుకోబోయే మనిషి!

"ఆవిడ వెళ్లేదాకా నేను మీ గడప తొక్కను. పెళ్లీ గిళ్లీ ఏం లేదు," అనేసింది.

కుమగై నా కొట్లో కూర్చుని బావురుమన్నాడు. చూడలేక, రిపేర్లలో దిట్ట అయిన ఎనొమొతోని పంపించాను. తర్వాతదంతా అతను చెప్పిందే. నేను కలిపింది ఒక్క ముక్క లేదు.

ఆ సాయంత్రం వాన. హిసానో గుమ్మం బయటే గొడుగేసుకుని నిలబడింది. లోపల టేపు తిరుగుతోంది... గుయ్య్...

ఎనొమొతో ఎడమ వాల్వులు కుడివైపు, కుడివి ఎడమవైపు మార్చాడు. తప్పు వాల్వుదైతే గుయ్ కూడా దాని వెంట పోవాలి. పోలేదు. ప్లగ్గు తిప్పి పెట్టాడు. ఎర్తు తీగకి మళ్లీ టంకం పెట్టాడు. ఊహూఁ. ఆఖరికి స్పీకర్ తీగలు అటూ ఇటూ మార్చాడు —

గుయ్ ఎగిరి కుడివైపుకి దూకింది!

"లేచింది... లేచి నడుస్తోందిరా..." కుమగై గోడకి అతుక్కుపోయాడు.

"నోర్ముయ్. స్పీకర్ బాగుందని అర్థం, అంతే."

అన్నాడే గానీ, అతని చెయ్యి ఆగిపోయింది. మా దేశంలో కరెంటు రెండు రకాలు. తూర్పున, అంటే మా వైపు, అది గుయ్‌మంటే బొంగురుగా ఉంటుంది, పడమట కాస్త సన్నంగా. ఎనొమొతో చెవికి ఆ తేడా ఇట్టే తెలిసిపోతుంది.

"ఒరే కుమగై... ఇది మన కరెంటు గొంతు కాదురా."

"మరి?"

"పడమటిది..."

"చిగుసాది... ఒసాకా," అన్నాడు కుమగై, పెదాలు మాత్రమే కదిలిస్తూ.

టంకం కడ్డీ జారి చాప మీద పడింది. కాలిన వాసన... ఎవరూ కదల్లేదు.

"తను పాడితేనే వస్తుందిరా... టేపు ఆపితే పోతుంది," అన్నాడు కుమగై.

"ఏమిటీ?"

"టేపు ఆపితే..."

"ఈ ముక్క ముందే చెప్పి చావొచ్చు కదరా!"

ఈ మగాళ్లంతా ఇంతే. వాల్వుని అనుమానిస్తారు, కరెంటుని అనుమానిస్తారు, పోయిన పెళ్లాన్నీ అనుమానిస్తారు. తాము చేసిన రికార్డింగుని మాత్రం చచ్చినా అనుమానించరు. ఆ టేపు ఒసాకాలో కాపురం ఉన్నప్పుడు వంటింట్లో కుమగై స్వయంగా రికార్డు చేసింది. చిగుసా కుడి మైకు దగ్గర నిలబడి పాడింది. ఎడమ మైకు పక్కన — ఫ్రిజ్! అంతకుముందు ఇంట్లో ఉన్న పాత యాంప్లిఫయర్‌కి ఒకటే స్పీకర్, ఆ గుయ్ పట్టే సత్తా లేదు. కొత్తది మరీ బాగా కుదిరింది, అదే దాని నేరం.

ఇద్దరూ తెల్లమొహాలేసుకుని కూర్చున్నారు. పాట అవగానే కుమగై ఎప్పుడూ టేపు ఆపేసేవాడు. ఆవేళ ఆపడం మరిచిపోయాడు. అది తిరుగుతోంది... గుయ్య్... గుయ్య్... అంతలో —

"ఫ్రిజ్ తీగ పీకమన్నానా లేదా! చెప్తే వినరేం?"

మగాళ్లిద్దరూ కెవ్వుమన్నారు. స్పీకర్ తీగలు మారి ఉన్నాయిగా, టేపులోని చిగుసా గొంతు ఎడమవైపు నుంచి, సరిగ్గా ఆవిడ కూర్చునే చోటు నుంచే వచ్చింది.

గుమ్మంలో గొడుగు దబ్బున పడింది. హిసానో చెప్పులు విడిచి గబగబా లోపలికొచ్చేసింది.

"ఇంకోసారి వెయ్యండి," అంది.

వేశారు. విన్నది. పొట్ట పట్టుకుని నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. తర్వాత ఎడమ స్పీకర్ ముందు మోకాళ్ల మీద కూర్చుని తల వంచింది.

"నా మాటా వినరక్కా ఈయన. మీరేం దిగులు పడకండి, ఇక నేను చెప్తూ ఉంటాను."

ఎనొమొతో స్పీకర్ తీగలు సరిచేయబోయాడు.

"ఉండనివ్వండి. ఆ చోటు ఆవిడదే," అని, హిసానో కుడివైపు చిన్న మెత్త లాక్కుని కూర్చుంది.