రెండు దెబ్బలు

రెండువేల ఏడులో నేను న్యూజిలాండ్ పోయొచ్చిన. మా ఇల్లందు బస్టాండుల ఈ ముక్క చెప్తే సగం మంది నమ్మరు. నమ్మిన సగం మంది "మాకేం తెచ్చినవే?" అని అడుగుతరు. అది పంచిపెట్టే సామాను కాదు కాబట్టి నేను నవ్వి ఊకుంట.

నాది ఇల్లందు పక్కన చిన్న తండా. పేరు తిరుపతి. పదో తరగతి రెండుసార్లు రాసి, రెండుసార్లూ లెక్కల కాడనే చిక్కుకుపోయి, బొగ్గుబాయిల ఫిల్లర్‌గ చేరిన. ఫిల్లరంటే పేల్చిన బొగ్గును తట్టకెత్తి టబ్బుల పోసేటోడు. ఇరవైరెండేండ్లు భూమి లోపల పనిచేసి ముందుగాల్నే రిటైర్మెంట్ తీసుకున్న. నా పెండ్లాం పుష్ప పోయి అప్పటికి మూడేండ్లు. పిల్లల్లేరు. మా అక్క సక్రి బిడ్డ భార్గవి న్యూజిలాండ్‌ల ఒక దవాఖానల నర్సు. "మామా, ఎన్నాళ్లని గోడలతోని మాట్లాడుతవ్, నా దగ్గరికి రా" అని విమానం టికెట్ పైసల్లో సగం తనే పెట్టింది.

పోయిన. అక్కడి గోడలు ఇంకా తెల్లగున్నయ్, అంతే.

మాట్లాడకపోతే నాకు తిన్నది అరగదు. అక్కడ మాట్లాడనీకి మనిషి దొరకడు. భార్గవి పొద్దుగాల ఆరింటికి డ్యూటీకి పోతే మళ్ల చీకటి పడ్డంకనే. రోడ్డు మీద ఎదురొచ్చినోళ్లు "హలో" అని చక్కగ నవ్వుతరు. ఆ నవ్వు చూసి నేను "ఎటు సార్, పనికా?" అని మొదలుపెట్టేలోపే దాటిపోతరు. నాలుగో రోజు పక్కింటి కుక్కతోని ముచ్చట పెట్టిన. పాపం మంచిగనే విన్నది. ఏడో రోజుకు అది కూడ నన్ను చూసి లోపలికి పోయింది.

అది విని భార్గవి పడీపడీ నవ్వింది. నవ్వి, "మామా, నువ్వు ఆ మిణుగురుల గుహ చూసిరా. దేశదేశాల నుంచి వస్తరు దాని కోసం" అన్నది.

"ఇరవైరెండేండ్లు జీతం తీసుకొని భూమి లోపలికి పోయినోణ్ణి బిడ్డా. ఇప్పుడు నేనే పైసలిచ్చి పోవాల్నా?"

"బాయిల చీకటి చూసినవ్. ఈ గుహల వెలుగు చూస్తవ్."

"మరి నువ్వు?"

"నెలాఖరు మామా. పైసలు ఒక్క టికెట్‌కే ఉన్నయ్. నాకు డ్యూటీ కూడ ఉంది."

అన్నింటికంటె సౌకగ వచ్చే బస్సు చూసి ఎక్కించింది. అక్కడ తిండి కొంటే ఖర్చెక్కువైతదని నాలుగు చపాతీలు, టమాట తొక్కు స్టీలు డబ్బాల పెట్టి ఇచ్చింది. "ఎవ్వరితోని కొట్లాట పెట్టుకోకు" అన్నది.

"మాట్లాడెటోడే లేడు, కొట్లాడెటోడు యాడ దొరుకుతడే?" అన్న.

గుహ పేరు నాకు నోరు తిరగదు. గొర్లు మేసే పచ్చని గుట్టల నడుమ ఉంటది. మధ్యాహ్నం రెండు గంటలు. ఎండ ఫెళ్లున కాస్తున్నది. దెయ్యం గురించి చెప్పేటప్పుడు అర్ధరాత్రి అనాలె గాని, అది పట్టపగలు, ఏం చేద్దాం.

మేం తొమ్మిది మందిమి. గైడు ఒక భారీ మనిషి, ఆడామె. గొంతు మాత్రం పసిపిల్లను నిద్రపుచ్చేటట్టు మెత్తగుంది. ఆమె ఇంగ్లీషు సగం అర్థమైంది, మిగతా సగం ఆమె చేతులు చెప్పినయ్. ఈ పురుగులు మన మిణుగురుల లెక్క ఎగరవు. గుహ కప్పుకు అంటుకొని సన్నని జిగురు దారాలు కిందికి వేలాడేస్తయ్. దోమల్లాంటివి ఆ వెలుగు చూసి ఆకాశమనుకొని పైకి ఎగిరి దారాలకు చిక్కుతయ్. ఎంత ఆకలి మీదుంటే అంత ఎక్కువ వెలుగుతయంట. అందరూ "అబ్బ" అన్నరు. నేను కూడ అన్న.

చివరికి ఆమె మూతి మీద వేలు పెట్టి, పడవల కూర్చున్నంక మాట వద్దు, లైటు వద్దు, చప్పుడైతే పురుగులు దీపాలు ఆర్పేసుకుంటయ్ అన్నది. నా దిక్కు చూసే చెప్పిందేమో అనిపించింది. మెట్ల మీద అప్పటికే ఒక ముసలాయనకు మా బాయి సంగతులు సగం తెలుగు సగం ఇంగ్లీషుల చెప్తున్న.

మెట్లు దిగుతుంటే నా కాళ్లకు పాత సంగతి గుర్తొచ్చి వాటంతటవే జాగ్రత్తగ పడ్డయ్. తల తనంతట తనే వంగింది. చెయ్యి నొసటి మీదికి పోయింది, టోపీ దీపం సర్దుకుందామని. అక్కడ బట్టతల తప్ప ఏం లేదు. చల్లగుంది. తడిసిన సున్నం వాసన. ఎక్కడో నీటిబొట్టు పడుతున్నది, చాలా సేపటికి ఇంకోటి.

పడవ అల్యూమినియంది. ఇద్దరిద్దరు కూర్చున్నరు. తొమ్మిదో మనిషిని నేను. వెనకాల చివరి బల్ల మీద ఒక్కణ్ణే కూర్చున్న. గైడు ముందు నిలబడి, పైన కట్టిన తీగ పట్టుకొని చేతులతోని గుంజుతుంటే పడవ కదిలింది. తెడ్డు లేదు, మోటరు లేదు. ఆమె లైటు ఆర్పింది.

అప్పుడు చూసిన.

నా నోటికి ఎప్పుడూ మాట కరువు కాలేదు, ఆ రోజు తప్ప. లక్షల చుక్కలు. నీలం, ఆకుపచ్చ కలిసిన వెలుగు. తల మీద చేతికందేంత దగ్గర్ల. నీళ్లల్లో కూడ అవే చుక్కలు. పైనేదో కిందేదో తెలుస్తలేదు. పుష్ప ఉంటే మోచేత్తోని పొడిచి "చూడు, చూడు" అనేది. పక్కకు తిరిగిన. ఖాళీ బల్ల. అంత అందం చూసి, నేను చూసిన అని చెప్పనీకి మనిషి లేకపోవుడు ఎట్లుంటదో నేను చెప్పలేను.

ఇక్కడ గోప్యా సంగతి చెప్పాలె. చెప్పకపోతే తర్వాతది మీకు అర్థం కాదు.

గోప్యా బాయిల నా జతగాడు. తట్టకు అటు వాడు పట్టేటోడు, ఇటు నేను. "నీ నోరాగితే బాయిల గాలి ఫ్యానాగినట్టు నాకు గుండె దడ్‌మంటదిర బామ్మర్దీ" అనేటోడు. తొంభైమూడుల ఒక పొద్దున పైకప్పు కూలింది. ఎవ్వరి తప్పూ లేదు, భూమి కదిలింది. నేను ఇటు. వాడు అటు. నడుమ ముప్పై అడుగుల రాయి. ఆ రాళ్ల కింద నుంచి నీళ్ల పైపు ఒక్కటి తెగకుండ మిగిలింది.

పైపు మీద కొడితే అవతలికి వినిపిస్తది. అప్పుడు మాకొక పద్ధతి ఉండె. బయట ఉన్నోడు రెండు దెబ్బలు కొడతడు. రెండంటే "ఎంతమంది ఉన్నరు?" అని. లోపల చిక్కినోళ్లు, ప్రాణంతోని ఎంతమందుంటే అన్ని దెబ్బలు తిరిగి కొట్టాలె. నేను రెండు కొడితే అవతల నుంచి ఒకటి వచ్చేది. టక్. గోప్యా. బతికున్నడు.

రెండు రోజులు మనుషులు తవ్వుతనే ఉన్నరు. నేను పైపు కాడ కూర్చొని పావుగంటకోసారి అడుగుతనే ఉన్న. మూడో రోజు నాకు బదులు రావాల్సిన సీతయ్య ఇంకా రాలేదు. బాయిల దారులు కలిసే జంక్షన్ కాడికి చాయ్ క్యాన్ వచ్చిందని ఎవరో కేకేసిన్రు. పోయిన. ఒక్క గ్లాసు తాగిన. వచ్చి రెండు కొట్టిన.

జవాబు రాలేదు. మళ్లెప్పుడూ రాలేదు.

ఆ చాయ్ తాగేంత సేపట్ల వాడు కొట్టిండా? కొట్టి కొట్టి, నేను లేనని తెలిసి ఊకున్నడా? పద్నాలుగేండ్ల సంది నాకు కావాల్సింది ఆ ఒక్క సంగతే. ఇంత మాట్లాడేటోణ్ణి, ఈ ఒక్క ముక్క పుష్పకు కూడ చెప్పలేదు.

అదంతా ఎందుకో ఆ చుక్కల కింద మనసుల మెదులుతున్నది. పడవ గుహ నడిమికి వచ్చింది.

టక్. టక్.

నీటిబొట్టు అనుకున్న. నీటిబొట్టు మెత్తగుంటది. ఇది ఇనుము మీద ఇనుము పడ్డట్టుంది. దూరం నుంచి, రాయి లోపల నుంచి వచ్చింది.

కొంచెం సేపాగి...

టక్. టక్.

నవ్వొచ్చింది నాకు, నిజంగ. పదకొండు రోజుల సంది భార్గవి తప్ప నన్నొక్కరు ఒక్క ప్రశ్న అడగలేదు. కుక్క కూడ మొగం తిప్పుకున్నది. ఇప్పుడెవరో నాకు తెలిసిన భాషల అడుగుతున్నరు. వేలు మడిచి, కణుపుతోని పడవ అంచు మీద ఒక్కటి కొట్టిన. అలవాటు. విన్నోడు జవాబియ్యాలె కదా. ఎంతమంది అంటే... నా బల్ల మీద నేనొక్కణ్ణే. ఒకటి.

టక్.

ముందు నుంచి గైడు "ష్" అన్నది.

చప్పుడు ఆగింది. నీళ్లు కూడ కదలకుండ ఉన్నట్టనిపించింది. అప్పుడు... అప్పుడు నాకు తట్టింది, నేనేం చేసిన్నో.

అడిగెటోడు బయట ఉంటడు. జవాబిచ్చెటోడు లోపల ఉంటడు.

నేను జవాబిచ్చిన.

అవతలి కొసన, దూరంగ, చుక్కలు ఆరిపోయినయ్. కొన్నే. చప్పుడుకు ఆరినయేమో అనుకున్న. తర్వాత దానికి ఇవతల ఇంకొన్ని. మళ్ల ఇవతల ఇంకొన్ని. చుట్టూ ఉన్నవి అట్లనే వెలుగుతున్నయ్. నడుమ మాత్రం నల్లగ, అంచులు కోసినట్టు సక్కగ, ఒక దారి పడుతున్నది. ఆ వెడల్పు నాకు తెలుసు. మనిషి నడుం వంచి తట్ట పట్టుకొని నడిచేంత.

తవ్వుతున్నరు.

ఎవరో నా కోసం తవ్వుకుంట వస్తున్నరు... నన్ను తీసుకపోనీకి.

సున్నం వాసన పోయింది. మందు పేల్చినంక బాయిల కమ్ముకునే పొగ వాసన వచ్చింది. గొంతుల మంట. ముందు బల్ల మీద ముసలాయన దగ్గిండు. ఆయన భార్య ఏదో గుసగుసలాడింది.

"ప్లీజ్, సార్" అన్నది గైడు మెల్లగ.

"నేను కాదమ్మా..." అన్న. తెలుగులనే అన్న.

ఆమె పైకి చూసింది. తీగ మీద ఆమె చేతులు ఆగినయ్. మరుక్షణం జల్దీ జల్దీ గుంజుడు మొదలుపెట్టింది. ఆమె ఊపిరి నా దాంక వినిపిస్తున్నది.

నల్లదారి మా పడవకు ఇరవై గజాల్ల ఉంది... పదిహేను...

నోరు మూసుకొని కూర్చోవాలె. ఏ తెలివున్నోడైనా అదే చేస్తడు. నాకు మాత్రం ఒక్కటే గుబులు. వాడే అయితే? ఆ చాయ్ తాగే సేపట్ల కొట్టి కొట్టి, ఇన్నేండ్లకు నా అడ్రసు దొరికించుకొని ఇంత దూరం వచ్చినోడైతే? ఇప్పుడు కూడ నేను ఊకుంటే?

వేలు మడిచిన. అంచు మీద రెండు కొట్టిన.

టక్. టక్. ఎంతమంది?

గోప్యా ఒక్కడే. జవాబు ఒకటే రావాలె.

నల్లదారి ఆగింది.

టక్.

వచ్చింది... ఒకటి! కండ్లల్ల నీళ్లు గిర్రున తిరిగినయ్. "బామ్మర్దీ" అన్న, పెదవులు కూడ కదలకుండ. "నేను చాయ్‌కి పోయిన్రా. ఒక్క గ్లాసే..."

టక్.

రెండు.

టక్.

మూడు.

నాలుగు. ఐదు. తొందర లేదు, ఆలస్యం లేదు. ఒకరి తర్వాత ఒకరు వరుసల నిలబడి తమ వంతు చెప్తున్నట్టు. పది. పదకొండు. ఒక్కో దెబ్బ ఒక్కో చోటు నుంచి వస్తున్నది. పైనుంచి. పక్కనుంచి. నీళ్ల కింద నుంచి. నా కాళ్ల కింద పడవ అడుగు నుంచి. ఇరవై. ముందు తెల్లగ వెలుతురు కనిపించింది. గైడు తీగను ఇంకా గట్టిగ గుంజింది. ఇరవైతొమ్మిది. ముప్పై. ముప్పైఒకటి...

పడవ ఎండలకు వచ్చింది. పిట్టలు అరుస్తున్నయ్.

ఒడ్డు మీద గైడు వేలు చూపి మమ్మల్ని లెక్కపెట్టింది. తొమ్మిది. మళ్ల ఒకసారి లెక్కపెట్టింది. తొమ్మిదే. నా దగ్గరికి వచ్చి ఏదో అడిగింది. నాకు ఇంగ్లీషు గుర్తు రాలేదు. తెలుగు కూడ గుర్తు రాలేదు.

బస్సుల చపాతీ డబ్బా మూత తియ్యలేదు. నా పక్కన ఒక పిలగాడు కూర్చొని తనంతట తనే "ఏ దేశం అంకుల్?" అని అడిగిండు. పదకొండు రోజులల్ల నాతోని ముచ్చట పెట్టచూసిన మొదటి బయటి మనిషి. నేను కిటికీ దిక్కు తిరిగిన.

ఇంటికొచ్చేసరికి భార్గవి డ్యూటీ నుంచి వచ్చి ఉంది. వంటింటి బల్ల కాడ కూర్చొని మొత్తం చెప్పిన, గోప్యా సంగతితో సహా. నవ్వుతదనుకున్న. నవ్వలేదు. నా చెయ్యి మీద చెయ్యేసి, "మామా, గుహలల్ల నీళ్లు కారుతయ్, రాళ్లు చల్లబడి పగులుతయ్, నూరు తీర్ల చప్పుడైతయ్. నువ్వు ఇన్నేండ్లు ఇది లోపల పెట్టుకున్నవ్, అందుకే వినిపించింది" అన్నది. నర్సు కదా. చెప్పే తీరు ఉంటది.

మనసు కొంచెం నిమ్మళమైంది. అయ్యుంటది అనుకున్న.

"మామా" అన్నది.

"ఏంది బిడ్డా?"

"ఆ బల్ల మీద కొట్టుడు ఆపు. వచ్చినకాడి నుంచి కొడుతనే ఉన్నవ్. నా తల పగుల్తున్నది."

కిందికి చూసిన. నా కుడిచేతి వేలు మడిచి ఉంది. బల్ల మీద పడుతున్నది, లేస్తున్నది. తొందర లేదు, ఆలస్యం లేదు. అది నా వేలని నాకు తెలుస్తనే లేదు.

ఎడమచేత్తోని ఆ వేలు గట్టిగ పట్టుకున్న. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకొని, తొడల నడుమ అదిమి పట్టిన. టక్. భార్గవి చూస్తనే ఉంది. మొదలు నా చేతులను. తర్వాత నేలను.

"మామా..." అన్నది, చిన్న గొంతుతోని. "ఆపమన్న కదా."