గోడవైపు తిరిగి కూర్చో

సాయంత్రం ల్యాబులో డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి మా అమ్మాయి పిచ్చుక గోడకి ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది. వెనక బల్లమీద కంప్యూటర్ వెలుగుతోంది. బయట ఇంకా వెలుతురుంది. కింద ఎవరో స్టార్టవని స్కూటర్‌ని తిట్టుకుంటూ కిక్కు కొడుతున్నారు.

"హోంవర్కు మానేసి ఏంటే ఈ వేషం?"

"ష్... మామయ్య వంతు నడుస్తోందమ్మా. చూడకూడదు."

నాకు ఒళ్ళు మండింది.

ఆ కంప్యూటర్ మా అన్నయ్యది. ఈ ఏడాదే పోయాడు. గది ఖాళీ చేస్తూ "పిల్లకి పనికొస్తుంది" అని వదిన తెచ్చి పడేసింది. అందులో మేం హైస్కూల్లో ఆడిన రాజ్యాల ఆట ఉంది. రాతియుగంలో ఒక్క ఊరితో మొదలుపెట్టాలి. పొలాలు వేసుకోవాలి, దుడ్డుకర్రల వాళ్ళని తయారు చేసుకోవాలి, పక్క రాజ్యాన్ని మింగాలి. ఇద్దరికీ ఒకటే కంప్యూటర్ కాబట్టి ఒకరి వంతులో రెండోవాళ్ళు గోడవైపు తిరగాలని మా ఇంటి రూలు. నేను తిరిగేదాన్ని. వాడు మాత్రం ఓరగా చూసేవాడు. నేను గోదాములు కట్టుకుంటూ కూర్చుంటే వాడొచ్చి నా ఊరు పట్టుకునేవాడు.

"కాపలా లేని ఊళ్ళోకి ఒక్కడు నడిచొచ్చినా చాలే, మొద్దూ!"

పట్టుకున్న ఊరిని ఉంచుకుంటావా, తగలబెడతావా అని ఆట అడుగుతుంది. వాడు వెంటనే నొక్కేవాడు కాదు. లవంగం నములుతూ, బాణం గుర్తుని అటూ ఇటూ ఊపుతూ, నేను ఏడ్చేదాకా ఆగేవాడు.

బతుకంతా అదే ఆట. నా గది లాక్కున్నాడు, నా సైకిలు లాక్కున్నాడు. అమ్మ ఆఖరి రోజుల్లో నన్ను గడప తొక్కనివ్వలేదు. కుక్కతోక వంకర చచ్చినా పోదన్నట్టు, ఇప్పుడు నా పిల్ల మీద పడ్డాడా?

"ఈ గోడ సంగతి నీకెవరు చెప్పారే?"

"మామయ్యే. నువ్వూ ఇలాగే కూర్చునేదానివట."

నేనెప్పుడూ చెప్పలేదు...

వెనక మౌస్ టిక్కుమంది. బల్ల దగ్గర ఎవరూ లేరు. గదంతా లవంగం వాసన.

తెర నల్లబడింది. తెల్లటి అక్షరాలు: పిచ్చుక వంతు.

పిల్ల లేవబోయింది. "కూర్చో. ఈ వంతు నాది," అన్నాను.

దాని ఊరికి దాని పేరే పెట్టుకుంది: పిచ్చుక. నది అవతలే వాడి ఊరు. పేరు 'నాదే'. గోడ లేదు. ఒక్కడే కాపలా. భయమేస్తున్నా కోపమే గెలిచింది. మా దుడ్డుకర్రల వాళ్ళందరినీ నది దాటించాను. ఊరు పడింది. ఉంచుకుంటారా, తగలబెడతారా?

నేను ఊపలేదు. ఒక్క నొక్కు. తగలబెట్టాను.

"ఎలా ఉందిరా?" అన్నాను ఖాళీ కుర్చీతో. వంతు ముగించాను.

లవంగం వాసన మాడువాసనైంది.

గోడ దగ్గర్నుంచి పిల్ల గుసగుసగా అడిగింది. "అమ్మా... మన ఊళ్ళో కాపలా ఎవర్ని ఉంచావు?"

ఎవర్నీ ఉంచలేదు.

తెర మీద మళ్ళీ అక్షరాలు: మామయ్య వంతు. రెండోవారు పక్కకి తిరగండి.

నేను తిరగలేదు. అడవిలోంచి వాడి మనిషి ఒక్కడు బయటికొచ్చాడు. తొందరేమీ లేదు. పొలాల మీదుగా నడిచాడు... తెరిచున్న వాకిట్లోకి అడుగుపెట్టాడు.

పిచ్చుక మీ చేతికి చిక్కింది. ఉంచుకుంటారా? తగలబెడతారా?

ప్లగ్గు పీకాను. తెర ఆరలేదు. మౌస్ పట్టుకుని లాగాను. బాణం నా మాట వినలేదు. అటు... ఇటు... అటు...

"అన్నయ్యా," అన్నాను. ఆ పిలుపు నా నోట వచ్చి ఏళ్ళయింది. "వద్దురా. దాన్ని వదిలెయ్. నేనే ఓడిపోయాను."

బాణం ఆగింది.

టిక్.

దేనిమీద నొక్కాడో చూసేలోగా తెర ఆరిపోయింది. కింద స్కూటర్ చప్పుడు కూడా ఆగింది.

"పిచ్చుకా..."

ఇంకా గోడవైపే కూర్చుంది. వెనకనుంచి దాని చెంప ఒక్కటే కనిపిస్తోంది. దవడ మెల్లగా కదులుతోంది. ఏదో నములుతోంది.

ఇటు తిరగమనడానికి నాకు నోరు రాలేదు.