బండి అడుగున బిరడా

"థర్మాస్ మూతలో మైక్రోఫిల్మ్ ఉంది," అంది చీఫ్ రాగ్న్‌హిల్డ్. "మన తీరంలో పాతిన మైన్ల మ్యాప్. మూడింటిలోగా లైట్‌హౌస్ దీవికి చేర్చు. శత్రువుల చేతిలో పడితే ఈ తీరం మనది కాదు."

"హెలికాప్టరా, మేడమ్?"

"ట్యాంకులా గొలుసు పట్టాల మీద పాకే మిలటరీ ట్రాక్ బండి. యాభై ఏళ్లది. జాడ పట్టడానికి అందులో ఒక్క చిప్ కూడా లేదు."

ఏజెంట్ ఆల్వార్‌కి పెళ్లై తొమ్మిది రోజులు. ఆ ఉదయం గ్యారేజీలో బండిలో చేరిన నీళ్లు వదలడానికి అడుగున ఉన్న బిరడా తీశాడు. సరిగ్గా అప్పుడే భార్య ఎబ్బా వేడివేడి దాల్చినచెక్క బన్నుతో వచ్చింది. ఆ తర్వాత చాలాసేపు అతనికి బండి గుర్తులేదు.

లూలియో తీరంలో తెల్ల ఫర్ టోపీ అందగత్తె ఎదురైంది. వివెకా, దారి చూపే ఏజెంట్.

"హెరింగ్ చేపలు దొరుకుతున్నాయా?" అడిగాడు ఆల్వార్.

"ఉప్పులో వేసినవే."

కోడ్ సరిపోయింది. "సైన్యంలో ఏడు చలికాలాలు ఈ బండే నడిపాను," అంటూ ఎక్కింది.

గడ్డకట్టిన సముద్రం మీద బండి పాకుతోంది. వేగం గంటకి పది కిలోమీటర్లు. అంతకు మించితే మంచు కింద అల లేస్తుంది, ఆ అలకి మంచు పగులుతుంది. ట్రాకుల కింద ఏదో మూలిగింది.

"అబ్బా, చలి చంపేస్తోంది!" వివెకా పైకప్పు మూత మూసి, సీట్ బెల్ట్ పెట్టుకుంది.

క్లిక్.

ఆల్వార్ ఆమె వైపు తిరిగాడు. మునిగితే బయటపడాలిగా! సముద్రం మీద బండి నడిపినవాళ్లెవరూ మూత మూయరు, బెల్ట్ పెట్టుకోరు.

"ఏడు చలికాలాలా?" అన్నాడు.

ఆమె చేతిలో పిస్టల్ మెరిసింది. "పసిగట్టేశావే! తూర్పుకి తిప్పు. మావాళ్ల ఓడ ఉంది. నత్తలా కాదు, తొక్కు!"

"మంచు పగులుతుంది."

"కథలు చెప్పకు."

ఈ బండి నీళ్లలో తేలుతుంది, బిరడా బిగించి ఉంటే. బిగించాడా? ఎబ్బా జుట్టు మీద మంచు పలుకులు గుర్తున్నాయి. దాల్చినచెక్క వాసన గుర్తుంది. బిరడా గుర్తులేదు.

తొక్కాడు. ఇరవై. ముప్పై.

ఫెళ్ళున మంచు విరిగింది. బండి ముక్కు నల్లటి నీళ్లలోకి దిగింది.

"మునిగిపోతున్నాం!" వివెకా రెండు చేతులతో బెల్ట్ పీకింది. పిస్టల్ కింద పడింది. ఆల్వార్ దాన్ని అందుకుని, కాళ్ల కిందికి చూశాడు. ఒకటి. రెండు. మూడు.

తడి లేదు. బండి బాతులా ఊగింది.

"తేలుతుందని చెప్పొచ్చుగా!" వివెకా పళ్లు టకటకలాడాయి.

"ఏడు చలికాలాలు నడిపినవాళ్లకి నేనేం చెప్తాను?"

దీవి నుంచి మంచు మీదా నీళ్ల మీదా జారే హోవర్‌క్రాఫ్ట్ వచ్చి థర్మాస్ అందుకునేసరికి మూడింటికి రెండు నిమిషాలు తక్కువ. రేడియోలో చీఫ్ గొంతు గరగరలాడింది.

"శభాష్, ఆల్వార్. మీ ఆవిడ ఫోన్ చేసింది. నువ్వు పరధ్యానంలో ఉన్నావని బిరడా తనే బిగించిందట. ఏమంటావ్, నీ ఉద్యోగం తనకిచ్చేయనా?"