గోడకెక్కిన పేరు

కుర్చీ చూపించినా ఆవిడ కూర్చోలేదు. తలుపు వైపు రెండుసార్లు తిరిగి చూసుకుని, చేతిసంచిలోంచి కాగితాల కట్ట తీసి డిటెక్టివ్ బల్ల మీద పెట్టింది. సాయంత్రం నాలుగింటికల్లా దాని మీద సంతకం పెట్టాలట. పెడితే ఊళ్లో ఉన్న ఒకే ఒక్క వారపత్రిక నోరు మూతపడుతుంది. పెట్టకపోతే తన పరువు బజారుకీడ్చినవాళ్లను తానే వదిలేసినట్టవుతుంది.

"సంతకం పెట్టడానికి భయం లేదు సార్. తప్పుడు మనిషి మీద పెడతానేమోనని భయం," అంది.

పక్కనే నోటుపుస్తకంతో కూర్చున్న అసిస్టెంటు, డిటెక్టివ్‌కి స్వయానా బామ్మర్ది. నలభై దాటాయి. కోర్టులో టైపిస్టు ఉద్యోగం మానుకుని మరీ బావ వెంట తిరుగుతున్నాడు. బావ బుర్ర మీద అతనికున్న గురి చూసి, ఆ బావను కట్టుకున్న అక్కకే నవ్వొస్తుంది. వచ్చినావిడ చెప్పిందంతా అతను పొల్లుపోకుండా రాసుకున్నాడు.

ఆవిడది బ్యాటరీల ఫ్యాక్టరీలో సీసం పలకలు పేర్చే పని. రక్తంలో సీసం పేరుకుందనీ, రెండుసార్లు గర్భం నిలవలేదనీ ఫ్యాక్టరీ డాక్టరు ఇచ్చిన రిపోర్టును నాలుగు మడతలు పెట్టి, టిఫిన్ డబ్బా అడుగున దాచి, పత్రిక ఎడిటర్‌కి చేర్చింది. పేరు కనబడకూడదన్నది ఒక్కటే షరతు. ఎడిటర్ ఒట్టేశాడు. పత్రిక ఆదివారం వచ్చింది. సోమవారం పొద్దున చూస్తే ఫ్యాక్టరీ గేటు పక్క గోడకు దాని మొదటి పేజీ అంటించి ఉంది. అందులో రిపోర్టు ఫోటో, ఫోటోలో ఆవిడ పేరు. భర్తకు తప్ప కన్నతల్లికి కూడా చెప్పని సంగతి షిఫ్టు మారేలోపల ఆరువందల మంది చదివారు.

తన దగ్గరున్న ప్రతి చూపించి, పేరు మీద నల్లపట్టీ వేశానని ఎడిటర్ మొత్తుకున్నాడు. ఊరికొక రకం, గేటుకొక రకం అచ్చేశాడని మేనేజరు కొట్టిపారేశాడు. పైగా ఆవిడ మీద ఎక్కడలేని జాలి కురిపించి, లాయరును కూడా తనే పెట్టాడు. ఆవిడ గోప్యతకు భంగం కలిగింది కాబట్టి, కార్మికుల ఆరోగ్యం గురించి ఆ పత్రిక ఇక ఒక్క ముక్క రాయకుండా కోర్టు ఆపాలన్నది దావా. మరో ఇరవైమంది ధైర్యం చేసి ఇచ్చిన రిపోర్టులు అప్పటికే ఎడిటర్ దగ్గర అచ్చుకు సిద్ధంగా ఉన్నాయి.

"ఇవాళ గురువారం. ఆ కాగితం ఇంకా గోడ మీదే ఉందా?" అని అడిగాడు డిటెక్టివ్.

"ఉంది సార్. అది సాక్ష్యం, ఎవరూ చెయ్యి వెయ్యకుండా చూడమని వాచ్‌మన్‌కి మేనేజరుగారే చెప్పారు."

డిటెక్టివ్ బామ్మర్ది వైపు చూసి కనుబొమ్మ ఎగరేశాడు. అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, అయినట్టే తలూపాడు.

ముగ్గురూ బయల్దేరారు. బస్టాండులో పత్రికలు అమ్మేవాణ్ణి కదిలిస్తే, ఆదివారం తెల్లారుతూనే ఎవరో ఫ్యాక్టరీ డ్రైవరు ఉన్న ప్రతులన్నీ కొనుక్కుపోయాడని చెప్పాడు. గేటు దగ్గర డిటెక్టివ్, ఎడిటర్ నుంచి తీసుకున్న ప్రతిని గోడ మీది కాగితం పక్కన పట్టుకుని చాలాసేపు చూశాడు. ఎడిటర్ ప్రతిలో రిపోర్టు ఫోటో మీద అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి మడత గీతలున్నాయి. గోడ మీది ఫోటో ఇస్త్రీ చేసినట్టుంది. యూనియన్ వాళ్ల చీటీలు ఈ గోడ మీద ఎంతసేపు ఉంటాయని వాచ్‌మన్‌ని అడిగితే, గంట ఉంటే గొప్పన్నాడు.

చెంబుడు నీళ్లు తెప్పించి కాగితం తడపబోతే వాచ్‌మన్ అడ్డొచ్చాడు. అంతవరకూ తల దించుకుని ఉన్న ఆవిడ చెంబు అందుకుంది.

"అది నా పేరు. నా పేరు నేను తీసుకోవడానికి ఎవర్నడగాలి?"

వాచ్‌మన్ పక్కకు తప్పుకున్నాడు. ఆవిడ చిరగకుండా ఊడదీసింది. వెనక వైపు తెల్లగా, జిగురు మరకలతో ఉంది. డిటెక్టివ్ దాన్ని జాగ్రత్తగా సంచిలో పెట్టుకున్నాడు. తర్వాత ఫ్యాక్టరీ డాక్టరును కలిస్తే, అసలు రిపోర్టులు బీరువాలో ఉంటాయనీ, తాళం తన దగ్గరే ఉంటుందనీ చెప్పాడు. ఎవరికైనా ఇచ్చారా అంటే మాట మార్చాడు.

డిటెక్టివ్ కబురు పెడితే మూడున్నరకు మేనేజరు, ఎడిటర్, డాక్టరు అందరూ ఆయన గదిలో చేరారు. మేనేజరు అప్పటికే పెన్ను మూత తీసి పట్టుకున్నాడు. "సంతకం పెట్టెయ్ చెల్లెమ్మా, నీకు నేనున్నాను," అన్నాడు.

డిటెక్టివ్ ఆ కాగితాన్ని బల్ల మీద బోర్లా పరిచాడు.

"మొదటి పేజీ వెనక రెండో పేజీ ఉండాలి. దీని వెనక ఏమీ లేదు. ఇది పత్రికలోది కాదు, గోడకు అంటించడానికే వేయించింది. ఫ్యాక్టరీ నోటీసులన్నీ ఒకవైపే అచ్చేయిస్తారు కదా, అదే అలవాటున వేయించారు."

పత్రిక అచ్చుయంత్రం రెండువైపులా వేస్తుందని ఎడిటర్ అందుకున్నాడు. డిటెక్టివ్ ఆగమని చెయ్యి చూపాడు. ఈవిడ ఇచ్చిన రిపోర్టు మడతలు పడింది కాబట్టి పత్రికలో మడతలున్నాయనీ, మడతలేని అసలు కాగితం బీరువాలోనే ఉందనీ చెప్పాడు. ఫ్యాక్టరీని తిట్టిన పేజీకి ఫ్యాక్టరీ గోడ మీదే నాలుగు రోజులు కాపలా పెట్టారంటే, అది ఎవరికి అవసరమో తనకు అప్పుడే అనుమానం వచ్చిందన్నాడు. అసలు పేజీ కార్మికుల కంటపడకుండా ప్రతులన్నీ ముందే డ్రైవరు చేత కొనిపించేశారన్నాడు.

డాక్టరు ముందుకొచ్చాడు. "ఆదివారం మేనేజరుగారే ఫైలు పట్టుకెళ్లారు. పత్రికలో పడ్డ అంకెలు చూసి అది ఎవరి రిపోర్టో చెప్పింది నేనే," అన్నాడు.

మేనేజరు ముఖం మాడిపోయింది. అయినా ఆ రిపోర్టు పత్రికకెక్కడం తప్పు కాదా, మనిషికి గోప్యత ఉండదా అని ఎదురు తిరిగాడు. బామ్మర్దికి ఒళ్లు మండిపోయింది.

"ఉంటుంది. ఆ హక్కు ఈవిడది, మీ ఫ్యాక్టరీది కాదు," అన్నాడు డిటెక్టివ్. "సీసం సంగతి రాసే హక్కు పత్రికది. ఈవిడ పేరు రాయకుండానే ఆ పని జరిగింది. రెండింటికీ తగువు పెట్టింది మీరు." ఆ ఊపులోనే ఎడిటర్ వైపు తిరిగాడు. "మీరూ సంబరపడకండి. పలకల విభాగంలో పదకొండేళ్లుగా పనిచేస్తున్న మహిళ అని రాశారు. అలాంటివాళ్లు అక్కడ ఎందరు?"

"నేనొక్కదాన్నే," అంది ఆవిడ. ఎడిటర్ తలెత్తలేకపోయాడు.

ఆవిడ కాగితాల కట్టను మేనేజరు ఒళ్లోకి తోసింది. "చెల్లెమ్మా అనకండి. దావా వేస్తాను. పత్రిక మీద కాదు, మీ మీద."

అందరికీ ఎలాగూ తెలిసిపోయింది కదా, వచ్చే వారం పేరుతోనే వెయ్యమంటారా అని ఎడిటర్ మెల్లగా అడిగాడు.

"ఇరవై రిపోర్టులూ వెయ్యండి, ఒక్కటి కూడా ఆపొద్దు. నా పేరు మాత్రం వద్దు. గోడ మీద చదివారని అది ఊరందరిదీ అయిపోదు."

మిగతావాళ్లంతా వెళ్లాక, ఆవిడ ఒక్కతే నిలబడి ఉండగా, బామ్మర్ది కేసు పుస్తకం ముందుకు లాక్కున్నాడు. రోజూ చేసే పనే. పై గీత మీద క్లయింటు పేరు రాయబోయి ఆగిపోయాడు.

"అమ్మా, మీ పేరు ఇక్కడ రాసుకోవచ్చా?"

ఆవిడ అతని ముఖంలోకి చూసింది. పొద్దుట్నించి మొదటిసారి కుర్చీలో కూర్చుంది.

"మీరు అడిగారు," అంది. "రాసుకోండి."