అయిదేళ్ళ లెక్క

1986 జూన్. దాచేపల్లి సున్నపురాయి క్వారీలో డిఫెన్స్ ల్యాబ్ సైంటిస్టు నూర్ మొహమ్మద్ శవం దొరికింది. అతని నోట్‌బుక్ మాత్రం దొరకలేదు.

హైదరాబాదులో ఏజెంట్ శౌరికి చీఫ్ బ్రీఫింగ్ ఇచ్చాడు.

"నోట్‌బుక్‌లో ఏముంది సార్?"

"పాతిక రకాల అయస్కాంతాలను కాల్చి, కొలిచిన అంకెలు. డాక్టర్ జాహెదా కంప్యూటర్ మీద వేల రకాలకు లెక్క కట్టింది. ఉత్త లెక్కను నమ్మితే బోల్తా పడతాం. నూర్ కొలతలతో సరిదిద్దాలి. రెండూ కలిస్తే, ఏ అయస్కాంతం క్షిపణి వేడికి తట్టుకుంటుందో పోత పోయకముందే చెప్పేయొచ్చు. నోట్‌బుక్ కొట్టేసినవాడు ఇక ఆ లెక్క కోసం వస్తాడు."

"అదెక్కడుంది?"

"ల్యాబులో ఎవర్నీ నమ్మక, జాహెదా కాపీలన్నీ చెరిపేసి, ఒక్క ఫ్లాపీతో నర్సరావుపేట పుట్టింటికి చేరింది. అక్కడ ఉస్మాన్ మైక్ సెట్ షాపులో ఆమెను కలుసుకో. మన ఏజెంటు సుబ్బరత్నం కారు తెస్తుంది. కోడ్: గుంటూరు బండి లేటా?"

మర్నాడు మధ్యాహ్నం రెండింటికి లుంగీ కట్టి, వైరు చుట్ట భుజాన వేసుకుని షాపులో ఉన్నాడు శౌరి. పక్కన జాహెదా. నల్లకళ్ళద్దాలు, ఎర్రటి లిప్‌స్టిక్‌తో సుబ్బరత్నం కారు దిగింది.

"గుంటూరు బండి లేటా?" అంటూనే హ్యాండ్‌బ్యాగులోంచి పిస్టల్ తీసి జాహెదా కణతకి ఆనించింది. వెనకాలే, సిమెంటు ఇంజనీరునని ఊళ్ళో చెప్పుకు తిరిగే విదేశీ గూఢచారి కెల్లర్. థూ! జీతం మనది, కొలువు వాడిది!

కెల్లర్ ఫ్లాపీ లాక్కుని పెట్టెలోంచి కంప్యూటర్ తీశాడు. దాని విదేశీ ప్లగ్గు గోడ సాకెట్లో పట్టలేదు.

"ఒరేయ్ ముసలాడా, ప్లగ్గు మార్చు!" అంది సుబ్బరత్నం.

"ఏందమ్మా ఆ నోరు! మారుస్తాగా," అన్నాడు ఉస్మాన్. విప్పిన స్క్రూలు దొర్లిపోకుండా, ఏ మెకానిక్ అయినా చేసేట్టే, పాత స్పీకర్ అయస్కాంతానికి అంటించాడు.

తెర మీద అంకెలు నడిచాయి. నూర్ నోట్‌బుక్‌తో సరిచూసుకుని కెల్లర్ నవ్వాడు. ఫ్లాపీ బల్ల మీద పెట్టి, తన ప్లగ్గు తనకు మళ్ళీ బిగించమన్నాడు. ఉస్మాన్ స్క్రూలున్న అయస్కాంతాన్ని తెచ్చి ఫ్లాపీ మీదే పెట్టుకున్నాడు. ఒక్కో స్క్రూ పీకుతూ దాన్ని అటూ ఇటూ తిప్పాడు. జాహెదా నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది.

పని కాగానే కెల్లర్ ఫ్లాపీ జేబులో వేసుకుని పెట్టె అందుకున్నాడు. "ఫినిష్ దెమ్!"

శౌరి వైరు చుట్టని సుబ్బరత్నం చేతి మీదికి విసిరాడు. గుండు గురితప్పి గోడకి తగిలింది. పిస్టల్ లాక్కుని సుబ్బరత్నాన్ని కట్టేసేసరికి కెల్లర్ కారు వినుకొండ రోడ్డెక్కింది.

"పోయింది! అంతా పోయింది!" శౌరి తల బాదుకున్నాడు.

"పోనీ అన్నా. అది ఖాళీది. వాడి కంప్యూటర్లో దాచే డిస్కు లేదు, ఆపగానే అందులోదీ పోయింది." జాహెదా ఏడుస్తూనే చెప్పింది. "అయస్కాంతం తగిలితే ఫ్లాపీలో ఒక్క అంకె మిగలదు. నేనొక్క మాట అంటే నా అయిదేళ్ళ కష్టం మిగిలేది. వాడికి మిగిలేది."

ఉస్మాన్ బెదిరిపోయాడు. "యా అల్లా! నేను పాడుచేశానా బేటీ?"

"చేశావు మామూ. చానా బాగా చేశావు."

సాయంత్రం ట్రంకాల్లో చీఫ్ గర్జించాడు. "సీక్రెట్ సేఫేనా?"

"సేఫే సార్," అన్నాడు శౌరి. "ఇప్పుడది మన దగ్గర కూడా లేదు."