లిఫ్ట్ మెకానిక్ వాయిస్ మెసేజులు

“మీరు టైపింగ్ నేర్చుకుంటారా, గ్రూప్ మారిపోతారా?”

ఆన్‌లైన్ కోర్సులో గ్రూప్ లీడర్ పంపిన ఈ మెసేజ్‌ని మెకానిక్ లిఫ్టు పైకప్పు మీద కూర్చుని చదువుకున్నాడు. చేతుల నిండా గ్రీజు. మళ్ళీ వాయిస్ మెసేజే పంపాడు.

“టైప్ చేస్తుంటే ఫోన్ జారి ఐదంతస్తుల కింద పడుతుందండీ. ఫోన్ పోతే పోయింది, మీరు తిట్టిన తిట్లన్నీ అందులోనే ఉన్నాయి.”



ఈ కోర్సు పాసైతేనే అతనికి సూపర్‌వైజర్ ఉద్యోగం. చిక్కల్లా ఒకటే. గ్రూపంతా ఒకే డాక్యుమెంట్‌లో రాయాలి. ఎవరెంత రాశారో చూసి కోర్సు చెప్పే మేడం మార్కులు వేస్తారు. అతను రాసింది సున్నా.

గడువు రోజు మధ్యాహ్నం గుండె దిటవు చేసుకుని డాక్యుమెంట్ తెరిచాడు. మూడు పేజీలు అతని పేరు మీదే ఉన్నాయి. ఆరు వారాలుగా లిఫ్టుల్లోంచి అతను చెప్పిందంతా, తేదీలతో సహా. కింద మేడంకి లీడర్ రాసిన ముక్క: “ఇవన్నీ ఇతని మాటలే. టైపింగ్ మాత్రం నాది. ఆడియోలు జతచేశాను.”

ఆ డ్రిల్లింగ్ మోతలో ఒక్కో వాక్యం ఎన్నిసార్లు విని ఉంటుంది? అంతలా తిట్టిన మనిషే ఇంత చేసింది. ఆమె ఓపికకి చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

చివరి పేరా దగ్గర మాత్రం చెమటలు పట్టాయి. మొన్న ఇంట్లో రికార్డింగ్ ఆపడం మరిచిపోయి అక్కతో అన్న మాటలు కూడా పొల్లుపోకుండా అక్కడున్నాయి.

“ఆ అమ్మాయి లేకపోతే కోర్సు ఎప్పుడో మానేసేవాణ్ణే అక్కా. తిడుతుంది గానీ, ఒక్కర్నీ వదిలేసి ముందుకెళ్ళదు. అలాంటి మనిషి మనింట్లో ఉంటేనా...”

పక్కనే లీడర్ కామెంట్: “ఇది రిపోర్టులో ఉంచాలా, నా దగ్గర ఉంచుకోనా?”

చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ మొదటిసారి ఆ డాక్యుమెంట్‌లో టైప్ చేశాడు.

“మీ దగ్గరే ఉంచుకోండి. మిగతాది ఎదురుగా వచ్చి చెప్తాను.”

ఆమెకన్నా ముందు మేడం కామెంట్ వచ్చింది. “ఆ ఆడియో నేనూ విన్నాను. రిపోర్టులో అక్కర్లేదు, తీసేయండి. మీరు పాస్.”

సిగ్గుతో ఫోన్ బోర్లించబోతుండగా లీడర్ లొకేషన్ పంపింది. కింద ఒక లైను.

“నాలుగో అంతస్తు. మా లిఫ్ట్ పాడై నెలైంది, మెట్లెక్కి రావాలి.”

అతను టూల్స్ సంచీ లిఫ్టులోనే మరిచిపోయి బయల్దేరాడు.